గబ్బిలాన్ని ఏమార్చే చిమ్మట

గబ్బిలం చీకట్లో చెవులతో వేటాడుతుంది. తన కూత పురుగుకు తగిలి తిరిగొస్తే, ఆ ప్రతిధ్వనితో అదెక్కడుందో పసిగడుతుంది. ఒక జాతి చిమ్మట ఆ కూత వినగానే తానూ టకటకమని చప్పుడు చేస్తుంది. మీదికొస్తున్న గబ్బిలం చటుక్కున పక్కకు తప్పుకుంటుంది. బ్రిటిష్ వైమానిక దళంలోని 360వ స్క్వాడ్రన్ తన చిహ్నంలో పెట్టుకున్నది ఈ చిమ్మటనే. ‘తికమక పెడతాం’ అన్నది వాళ్ల నినాదం.

చిమ్మట వెనక ఓ త్రిశూలం కూడా ఉంటుంది. అది నౌకాదళం వాటాకు గుర్తు. 1966లో పుట్టి 1994 దాకా సాగిన ఈ స్క్వాడ్రన్‌లో రెండు దళాల వాళ్లూ కలిసి ఎగిరారు. శిక్షణ కోసం శత్రువులా వచ్చి సొంతవాళ్ల రాడార్లకు గంతలు కట్టడమే వాళ్ల పని. అందుకోసం పాత కాన్‌బెర్రా బాంబర్లలో జామర్లు అమర్చి టి.17 అని పేరు పెట్టారు. కాన్‌బెర్రా మనకూ కొత్తది కాదు. 1957 నుంచి 2007 దాకా భారత వైమానిక దళంలో సేవ చేసింది.

ఇప్పుడు నేల మీద, చీకటి గదిలో, రాడార్ తెర ముందు కూర్చున్న కుర్రాణ్ని చూడండి. తెర మీద గీత గుండ్రంగా తిరుగుతోంది. విమానం ఉన్నచోట చిన్న చుక్క మెరుస్తోంది. పైన కాన్‌బెర్రాలోని అధికారి సరిగ్గా అదే ఫ్రీక్వెన్సీ మీద రొద వదులుతాడు. చుక్క మాయమై, తెర మధ్య నుంచి అంచు దాకా తెల్లటి పట్టీ పరుచుకుంటుంది. వచ్చేవాడు ఏ దిక్కున ఉన్నాడో తెలుస్తుంది, ఎంత దూరంలో ఉన్నాడో తెలియదు. ఫైటర్‌ను ఎక్కడికి పంపాలి? పైలట్‌తో మాట్లాడదామంటే రేడియోలోనూ హోరే.

ఇది చాలదన్నట్టు చాఫ్ ఒకటి. లోహపు పూత పూసిన సన్నటి పోగుల్ని రాడార్ తరంగం పొడవులో సగానికి కత్తిరించి గాల్లో వదులుతారు. ఒక్క విమానం చాలు, తెర నిండా మబ్బు కమ్మినట్టే. 1943 జులైలో హాంబర్గ్ మీద దాడిలో బ్రిటన్ మొదటిసారి ప్రయోగించింది ఈ ఎత్తునే.

నా దృష్టిలో జామర్‌ను ఆన్ చేయడం కన్నా, ఎంతవరకు వాడాలో తెలియడమే ఈ విద్యకు ప్రాణం. తొలిరోజే తెరంతా తెల్లబరిస్తే కుర్రాడికి బెదురు తప్ప ఏమీ మిగలదు. ముందు కాస్త రొద, అతను తట్టుకున్నాక ఇంకాస్త. అలా ఉడుం పట్టుగా బిగిస్తూ పోవాలి. నిజంగా గెలవాలనుకునే శత్రువుకు ఇంత ఓపిక ఉండదు. ఇది గురువుకు మాత్రమే ఉండే ఓపిక.

కుర్రాడు ఫ్రీక్వెన్సీ మార్చి చూస్తాడు. తెల్ల పట్టీ వెంటాడుతూనే ఉంటుంది. అప్పుడతనికి ఇంకో చోటి రాడార్ గుర్తొస్తుంది. వాళ్లకు ఏ దిక్కున కనబడుతోందో అడిగి మ్యాపు మీద గీత గీస్తాడు. తన దిక్కు గీత కూడా కలుపుతాడు. రెండు గీతలూ ఒకచోట కోసుకుంటాయి. ఫైటర్‌ను అక్కడికే పంపుతాడు. తమ రెక్క పక్కకు ఆ ఫైటర్ వచ్చి నిలిస్తే, కాన్‌బెర్రాలోని వాళ్లకు అంతకు మించి కావలసిందేముంది!