నిషిద్ధాక్షరి, గుప్పెడు తెర

దసరా సెలవులకు వనపర్తినుండి వచ్చిన నా మనుమరాలు, విదేశమునుండి మరలివచ్చిన బంధువొకరు తనకిచ్చిన పాత గేమ్‌బాయ్ యంత్రముమీద సూపర్ మారియో ల్యాండ్ అను ఆటను ఈ వారము తుదముట్ట ఆడి, ఆ యంత్రమును నా బల్లమీద నుంచి, "అయిపాయె తాతా, గింతేనా?" అని అడిగెను. నాలుగు లోకములు, 12 ఘట్టములు; చేయి తిరిగినవారికి గంటలోపలనే ముగియును. దైర్ఘ్యమునే గౌరవముగా నెంచు ఈ కాలముతో ఈ శీర్షికయందు నేనెన్నిమారులు కలహించితినో ఎరిగిన పాఠకులు, ఆ "గింతేనా" నాకెట్లు తగిలియుండునో ఊహింపగలరు.

1989 ఏప్రిల్‌లో నింటెండో సంస్థ జపానునందు గేమ్‌బాయ్‌ని విడుదల చేసిననాడే ఈ ఆటయు వెలువడినది. ఆ యంత్రసృష్టికి సారథ్యము వహించిన గున్‌పే యొకోయి, ఖరీదైన నూతన సామగ్రికై పరుగిడక, లోకమునకు బాగుగ అలవడి చవుకయైన సామగ్రినే కొత్త పనికి నియోగింపవలెనను సిద్ధాంతము గలవాడు. తెరయందు అడ్డముగ 160, నిలువుగ 144 చుక్కలు. రంగులు లేవు, పసరు చాయ గల నాలుగు తరగతుల వెలుగునీడలు మాత్రమే. వెనుక దీపమును లేదు. ఆ సంవత్సరమే వచ్చిన అటారి లింక్స్ యంత్రము రంగులతోను దీపముతోను వెలుగుచు ఆరు బ్యాటరీలను నాలుగైదు గంటలలో హరించుచుండగా, ఇది నాలుగింటితోనే పదిగంటలకు పైగా నడచెడిది. గద్వాలనుండి నాగర్‌కర్నూలు పోవునప్పుడు, బీచుపల్లి వంతెనమీద ఎండ బస్సు కిటికీలో నిండి, చేతిఫోను తెర వెలవెలబోవు వేళయందే ఈ దీపములేని తెర మిక్కిలి స్పష్టముగ కనబడును.

ఆట పక్కకు సాగునది; ఆటగాడు నడిపించు మారియో కుడికి నడచుకొలది దృశ్యమంతయు ఎడమకు జరుగును. అయితే ఆ తెర మందగతి గలది, జరిగిన ప్రతి బొమ్మయు తన వెనుక మసక నీడ నొకదానిని ఈడ్చుకొని పోవును. సతోరు ఒకాడ దర్శకత్వమున పనిచేసినవారు ఈ దౌర్బల్యము నెరిగి, మారియోను అంగుష్ఠమాత్రునిగా జేసి, వెనుకతట్టును చాలవరకు తెల్లగనే విడిచిరి. అందువలన ముందున్న గోతులు దూరమునుండియే తెలియును. ఈజిప్టు, సముద్రము, ఈస్టరు దీవి, చీనాదేశము, వీని ఛాయలు గల లోకములకు హిరొకజు తనాకా నాలుగు శబ్దమార్గములతోనే దేని స్వభావము దానిదన్నట్లు సంగీతము కూర్చినాడు. గోడలకు తగిలి ఎగురుచు అందని నాణెములను సైతము రాబట్టునట్టి, మారియో విసరు బంతి, ఇరుకైన తెరకు తగిన యుక్తి.

నిర్బంధమే కళకు తల్లియను నా పాతవాదమునకు ఇది మరియొక సాక్ష్యమని ముగింపబోవుచుండగా, బాల్యమున మా కోటలోని చెన్నకేశవస్వామి ఆలయప్రాంగణమున చూచిన అష్టావధానమొకటి జ్ఞప్తికి వచ్చి కలమును నిలిపినది. విద్వద్గద్వాల యని పేరుగొన్న ఊరు మాది. తిరుపతి వేంకటకవులవంటివారు గద్వాల, వనపర్తి సంస్థానములకు వచ్చి మన్ననలందిన కాలపు ముచ్చట్లను పెద్దలు నిన్న జరిగినట్లుగా చెప్పుకొనుచుండెడివారు. ఆనాటి సభలో నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు పట్టు విడువని పండితుడు. అవధాని ఒక్క అక్షరము పలికిన తోడనే, తరువాత ఏది రాదగునో ఊహించి, అదియే వలదని త్రోసివేయుచుండెను. అవధాని క్షణకాలము కనులు మూసి, వేరొక అక్షరమును గ్రహించి, ఛందస్సు చెడకుండ, అర్థము తొలగకుండ మరియొక మెట్టెక్కుచుండెను. ఈ లోపల సమస్య యొకవైపు, దత్తపది యొకవైపు, ఎక్కడినుండియో గంట మ్రోత, వీనినడుమ ఏదో లౌకిక ప్రశ్నతో ఏకాగ్రతను చెదరగొట్టు అప్రస్తుత ప్రసంగి. మాకు ఛందస్సు తెలియదు, నిషేధ మెంత కఠినమో తెలియదు; పద్యము నడచుచున్నదని మాత్రము తెలిసినది. సభ మధ్యలో మే మెన్నిమారులు లేచిపోయి మంచినీళ్లు త్రాగి వచ్చితిమో! అయినను ధారణవేళకు అవధాని, ముక్కలు ముక్కలుగా చెప్పిన ఆ పద్యములన్నింటిని, ఒక్క అక్షరమైన జారిపోనీయక, వరుసగ మా కప్పగించినాడు. అడ్డములన్నియు ఆయనకు, మాకు ఒక్కటియు లేదు.

ఈ తలపు కలిగిన పిమ్మట ఆటను మరల చూడగా నా వాదము రెండుగా చీలినది. బొమ్మను చిన్నది చేయుట, వెనుకతట్టును విడుచుట, నాలుగు ధ్వనులతో పాట కట్టుట, ఇవి కర్తలు మోసిన బరువులు; ఆడువానికి దక్కినది సౌఖ్యము. కాని ఆ ఆటపెట్టెయందు ఆటగాని గతిని నిలుపుకొను ఏర్పాటు లేదు. మీట నార్పిన మరుక్షణమున, నాలుగవ లోకమున నున్నవాడైనను మొదటిలోకపు మొదటి అడుగునకు రావలసినదే. ఇక్కడ ధారణాభారమంతయు పిల్లల నెత్తిన బడినది. మారియో అంచునుండి పడునప్పటి ఆ హఠాత్తైన బరువును అట్టిదే. చూచువానికి కొరత కనబడదు, ఆడువానికి ప్రాణము పోవును. ఇట్టివానిని సయితము నిర్బంధసౌందర్యమను పేర కొనియాడుట నాకిక సాధ్యము గాదు. గడచిన చోటికి మరల పోనీయక తెర యెడమయంచు గోడయై నిలుచుటను మాత్రము నేను దోషమనను. పలికిన అక్షరమును అవధాని మరల మ్రింగడు గదా, ఆట తన వేగమునకై కోరిన నియమమది.

1 కోటి 80 లక్షలకు పైగా అమ్ముడుపోయిన ఈ ఆటకు 1992లో రెండవభాగము వచ్చినది. అందు ఆటగాని గతి భద్రమగును, వెనుకకు నడచుటకును వీలున్నది. అయితే ఆ గుప్పెడు తెరమీదనే మారియోను పెద్దవానిని చేసినందున ముందుదారి కొంత మరుగుపడినది. ఒక బరువును దింపి వేరొకదానిని ఎత్తినట్లయినది. మొదటి ఆటను తుదముట్ట ఆడినవారికి అదే ప్రయాణము మరింత కఠినరూపమున లభించునని చెప్పగా, మనుమరాలు యంత్రమును మరల చేతికెత్తుకొన్నది. ఈ రెండు ఆటలలో పిల్లలకు ముందుగ ఇయ్యదగినది మొదటిదే. ఇచ్చిన పెద్దలు మాత్రము, భోజనమునకు వేళయైనదని మీట నార్పింపక, ఆట నంతవరకు నిలిపియుంచుటకు ఒక గుండీ కలదని తెలిసికొని, యంత్రమును నడచుచుండగనే బల్లమీద ఉండనీయవలెనని నా ప్రార్థన.