యాభై సీసీల పౌరుషం: దెర్బీ సెండా

సూపర్‌మోటో అనగానే పెద్ద ఇంజన్ గురించే మాట్లాడేవాళ్ళకు నేను చూపించే బండి ఒకటే, స్పెయిన్ దేశపు దెర్బీ సెండా. 49.9 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్, లిక్విడ్ కూలింగ్, ఆరు గేర్లు. చూపుకి మట్టిదారుల బండే, కానీ దీని సూపర్‌మోటో రకానికి కింద తిరిగేవి 17 అంగుళాల రోడ్డు చక్రాలు.

సూపర్‌మోటో అనే ఈ రేసు ఆట పుట్టింది 1979లో, అమెరికాలోని కార్ల్స్‌బాడ్‌లో. గావిన్ ట్రిప్ అనే ఆయన ఒక టీవీ కార్యక్రమం కోసం తారూ మట్టీ కలిసిన ట్రాకు మీదికి రకరకాల రేసర్లను దింపాడు. ఆ తర్వాత దాన్ని నెత్తిన పెట్టుకున్నది ఫ్రెంచివాళ్ళు.

అసలు విద్యంతా మలుపులో ఉంది. పెద్ద ఫోర్ స్ట్రోక్ బండిలో గేరు దించితే ఇంజనే వెనక చక్రాన్ని బిగబట్టేస్తుంది. చిన్న టూ స్ట్రోక్‌లో ఆ పట్టు నామమాత్రం. కాబట్టి నడిపేవాడే అన్నీ చూసుకోవాలి. ముందు బ్రేకు గట్టిగా పట్టి బరువంతా ముందు చక్రం మీదికి తేవాలి. తేలికపడిన వెనక చక్రాన్ని పాదంతో, తాకీ తాకనట్టు, బ్రేకు మీద ఆడించాలి. గేర్లు ఒక్కొక్కటే దించుతూ రెండు వేళ్ళతో క్లచ్ కొద్దికొద్దిగా వదలాలి. అప్పుడు వెనక చక్రం మెల్లగా పక్కకు జారుతుంది. లోపలి కాలు ముందుకు చాపి, బండిని నేలకేసి వంచి, ఒళ్ళు మాత్రం నిటారుగా నిలపాలి. ఆ జారుడులో ఆర్‌పీఎం పడిపోయిందా, పనైపోయినట్టే! ఈ చిన్న ఇంజన్ బలమంతా ఎక్కువ ఆర్‌పీఎంలోనే ఉంటుంది. పెద్ద బండిలో చేసిన తప్పును యాక్సిలరేటర్ కప్పిపెడుతుంది. యాభై సీసీలో ఆ దయ లేదు. అందుకే దీని మీద చెయ్యి తిరిగినవాడంటే నాకు అంత గౌరవం.

ఇంత చిన్న ఇంజన్‌లో ఇంత పౌరుషం ఊరికే రాలేదు. బార్సిలోనా దగ్గరి మొల్యెత్‌లో సిమెయో రబాసా 1922లో పెట్టిన సైకిల్ షాపు నుంచి ఎదిగిన కంపెనీ ఇది. 1969లో మోటార్‌సైకిల్ రేసుల ప్రపంచ చాంపియన్‌షిప్ యాభై సీసీ తరగతికి ఒక్క సిలిండర్, ఆరు గేర్లు మించకూడదని నిబంధన వచ్చింది. ఆ ఏడే రేసర్ ఆంఖెల్ నియెతో దెర్బీ మీద టైటిల్ కొట్టాడు. 1972లో అయితే క్రైడ్లర్ కంపెనీ బండి నడిపిన యాన్ డి వ్రీస్‌తో పాయింట్లు, గెలుపులు అన్నీ సమానం. చివరికి రేసుల సమయాలు కూడితే సుమారు 21 సెకన్ల తేడాతో నియెతోదే కిరీటం! క్రైడ్లర్ అభిమానులు ఏమన్నా అననివ్వండి, నేను ఎర్ర దెర్బీ పక్షమే.

అలాంటి ఇంటిని 2001లో పియాజియో కంపెనీ కొనేసింది. 2010లో మార్క్ మార్కెస్ దెర్బీ మీదే 125 సీసీ ప్రపంచ విజేత అయ్యాడు. అయినా ఏం లాభం? మూడేళ్ళు తిరిగేసరికి మార్తొరెల్యెస్‌లోని దెర్బీ ఫ్యాక్టరీ మూతపడింది. విజేతను ఇచ్చిన ఇంటికి తాళం వెయ్యడానికి చేతులెలా వచ్చాయో!

ఇప్పుడు ఏ బండికైనా ఎత్తైన మడ్‌గార్డు తగిలించి, నాలుగు స్టిక్కర్లు అంటించి సూపర్‌మోటో అని అమ్ముతున్నారు. మలుపులోకి దింపితే ఫోర్కులు వణుకుతాయి, బ్రేకులు చేతులెత్తేస్తాయి. అది బొమ్మ, బండి కాదు. కుర్రాళ్ళ ప్రాణాలతో ఆ వ్యాపారం చెయ్యకండి. పాత సెండా చేతికొస్తే అసలు పార్టులతోనే బాగుచేయించండి. ట్రాకు మీదికి తీసుకెళ్ళి, పక్కింటి పిల్లలకు ముందు బ్రేకు పట్టడం నేర్పండి. కంపెనీ పోయినా ఈ విద్య పోకూడదు.