ఆటలమాటలు: క్రియాదారిద్ర్యము

ఆటలనుగూర్చి వ్రాయుట పండితులకు తగని పనియని తలంచువారు మనలో నింకను కలరు. వ్యాకరణమునకు లొంగినదే భాషయనియు, మైదానమున పిల్లలు వేయు కేకలు వట్టి రొదయనియు వారి యభిప్రాయము. మేమును చిరకాలము ఆ కూటమిలోనివారమే. సంస్కృతమును ఆంగ్లమును కొంతకొంత చదువుకొని, ఇరువదియేండ్లు పాఠశాలలో తెలుగు చెప్పిన పిదప, తొమ్మిదవ తరగతి బాలుడొకడు మా కన్నులు తెరిపించెను. ఆ కథను ముందు చెప్పి, తరువాత మన పత్రికల క్రీడాపుటలను, తెలుగు వ్యాఖ్యానములను కొంత విమర్శింతుము.

మా యిల్లు తార్నాకలో నున్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము మాకు కూతవేటు దూరము. క్రిందటి సంవత్సరము "నేను చూచిన ఆట" యను విషయముపై వ్యాసము వ్రాయుడని తరగతివారికి చెప్పితిమి. ఆ బాలుడు ప్రాంగణపు మైదానములో ఆదివారము జరిగిన క్రికెట్టును వర్ణించుచు, "మావోడు బంతిని గుంజి కొట్టిండు, అది పైకి లేశింది, ఒకడు ఉరికొచ్చి దుంకి పట్టిండు, గని చేతులకెల్లి జారింది" అని వ్రాసెను. మేము ఎఱ్ఱసిరా కలము తీసికొని "గుంజి కొట్టిండు" అనుదానిని కొట్టివేసి "ప్రహరించెను" అనియు, "ఉరికొచ్చి దుంకి" అనుదానిని కొట్టివేసి "ధావనమొనర్చి లంఘించి" అనియు దిద్ది, పదింటికి నాలుగు మార్కులు వేసితిమి.

మరుసటి నెల వ్యాసములో వాడు మా యాజ్ఞను శిరసావహించెను. "బ్యాట్స్‌మన్ పుల్ షాట్ ప్లే చేసెను. ఫీల్డర్ రన్ చేసి, జంప్ చేసి, క్యాచ్ డ్రాప్ చేసెను." వ్యాకరణదోష మొక్కటియు లేదు. 'ఇండు' పోయి 'ఎను' వచ్చినది. కాని ఆ రెండు వాక్యములలో తెలుగుమాట 'చేయు' ఒక్కటే మిగిలినది. మేమిచ్చిన సంస్కృతము వాని నోట పట్టలేదు. తన మాట సిగ్గుపడదగినదని మేమే నేర్పితిమి. ఇక వానికి మిగిలిన దారి యేది? ఆంగ్లము తెలుగును మింగివేయుచున్నదని సభలలో మేమును వాపోయినవారమే. ఆ మ్రింగుడునకు ఈ బాలుని విషయమున ముద్ద కలిపి పెట్టినది మా చేయియే.

ఆ వారము మేము మైదానమునకు పోయితిమి. ఒకే నేలపై ఏడెనిమిది ఆటలు ఒక్కసారిగా జరుగుచుండెను. ఒకరి బంతి వేరొకరి ఆటలోనికి పోవుచుండును. ఎవరి బంతి యేదో వారికే తెలియును. మాణికేశ్వరీనగరు పిల్లలు, జిల్లాలనుండి వచ్చి వసతిగృహములలో నుండు విద్యార్థులు, తార్నాక వీథుల బాలురు అందఱును అక్కడ కలరు. ఒక గంట చెట్టునీడను కూర్చుండి విన్నమాటలను చిన్న పుస్తకములో వ్రాసికొంటిమి. బ్యాటు పట్టినవాడు బంతికి అడ్డము పెట్టును, తట్టును, తోయును, గుంజును, లేపును, బాదును, ఊడ్చును, వదలివేయును. బంతి వేయువాడు విసరును, తిప్పును, తేల్చి వేయును, నేలకు గ్రుద్ది లేపును. చుట్టు నిలిచినవారు అడ్డము పడుదురు, అందుకొందురు, ఆపుదురు, జారవిడుతురు. "రన్", "నో", "క్యాచ్" అను కేకలును, "మార్", "పకడ్", "ఛోడ్" అను హైదరాబాదు ఉర్దూ కేకలును లేవని మేమనము. కాని ఆ ఉర్దూ కేకలు సైతము క్రియలే యని గమనింపుడు. ఒక్కడును "పుల్ షాట్ ప్లే చెయ్యి" అని యరవలేదు. బంతి వచ్చుచుండగా అంత తీరికయు ఉండదు.

ఆట నేర్పువాడు విధ్యర్థకములతోనే నేర్పవలెను. ఈ విశ్వవిద్యాలయముననే పట్టము పొంది, వృత్తిచేత మావలెనే పాఠశాలోపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీము భారతదేశపు ఫుట్‌బాల్ జట్టునకు శిక్షకుడై, 1951, 1962 సంవత్సరముల ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానమును సంపాదించిపెట్టెను. ఆ ఆటగాండ్రకు ఆయన నామవాచకముల పట్టికను వల్లింపజేసెనని ఎవరును నమ్మరు.

మన భాషాభిమానులు చేసిన యుద్ధమంతయు నామవాచకములమీదనే. వికెట్టునకు మూడు కఱ్ఱలుండునుగదా యని, శంకు వనగా మేకు కావున దానిని 'త్రిశంకువు' అనవలెనని వాదించిన మిత్రుడొకడు మాకు కలడు. బంతి తగిలినప్పుడెల్ల త్రిశంకువు పడిపోవుట పురాణసమ్మతమే కాని, మైదానమున నవ్వు పుట్టించుటకే పనికివచ్చును. బ్యాటు, వికెట్టు, గోలు అను మాటలు 'లు', 'ను', 'కు' లను చేర్చుకొని మన యింట ఏనాడో పీటవేసికొని కూర్చున్నవి. వానివలన చెఱుపు లేదు. నామములు కమిటీలచేతగూడ మారును. క్రికెట్టు నిబంధనలను కాపాడు ఎం.సి.సి. వారు 2021లో 'బ్యాట్స్‌మన్' తీసివేసి 'బ్యాటర్' అనిరి, మనవారును మారిరి. క్రియల సంగతి వేరు. 'డ్రైవ్ చేసెను, కట్ చేసెను, పాస్ చేసెను, బ్లాక్ చేసెను' అని వ్రాయుటకు అలవాటుపడిన కలము తోయుటకును తట్టుటకును భేదమును చెప్పు సొంతమాటను వెదకదు. ఎఱువు దెచ్చుకొన్న మాటకు 'చేయు' తోకగా కట్టిన చాలును. 'చేయు' అను చెదపురుగు ప్రవేశించిన యింట దూలములు పైకి నిలిచియే యుండును, లోన డొల్ల.

పత్రికలకు చెల్లవలసిన మెప్పును ముందు చెల్లింతుము. "పరుగులు పిండుకొనెను" అని వ్రాసిన అజ్ఞాత పాత్రికేయునికి మా నమస్కారము. కొట్టుటకు వీలులేని బంతులనుండి ఒకటొకటిగా పరుగులను తీయుటను, తడిబట్టనుండి నీటిని తీయుటతో పోల్చిన ఆ మాట ఆంగ్లమునుండి రాలేదు. "వికెట్టును పారవేసికొనెను" అనుటయు నట్టిదే. ప్రతిపక్షుని ప్రజ్ఞ లేక తన యజాగ్రత్తచేతనే పోయెనని రెండు మాటలలో తెలియుచున్నది. తమిళులు ఔటగుటకు 'ఆట్టమిళందార్', అనగా ఆటను కోల్పోయెను అందురు. అది చక్కనిదే కాని, దానిలో ఎవరి తప్పో తెలియదు.

కాని ఇట్టివి కొలదిగానే కలవు. తక్కిన పుటయంతయు కురుక్షేత్రము. 'ఊచకోత', 'విధ్వంసము', 'చిత్తు', 'మట్టికరిపించుట' అని ఫలితమును చెప్పుటకు నూఱు మాటలు కలవు. ఆ ఫలితము ఏ చేష్టచేత వచ్చెనో చెప్పుటకు 'ఆడెను', 'కొట్టెను' అను రెండే. వీనికి తోడు 'సంధించు' ఒకటి. బౌన్సరును సంధింతురు, ఏసును సంధింతురు, స్మాషును సంధింతురు. సంధించుట యనగా బాణమును వింటినారికి కూర్చుట, విడుచుట కాదు. బంతి గీతను దాటిపోయిన పిదపగూడ మన విలేఖకుడు దానిని సంధించుచునే యుండును! 2016లో రియో ఒలింపిక్సున రజతమును, 2019లో బాసెల్ నగరమున ప్రపంచవిజేత బిరుదమును గెలిచిన పూసర్ల వెంకట సింధు ఆటను చూచినవారికి, పైనుండి నేలకు మోదుట యొకటియు, మోదునట్లే చేయియెత్తి వలచెంతనే రాల్చుట యొకటియు నని తెలియును. ఎదుటి క్రీడాకారిణి మోసపోవునది ఈ రెంటి భేదముననే. రెంటిని 'షాట్ సంధించెను' అని వ్రాసిన, చదువరి ఆటను చూడజాలడు. అజహరుద్దీను, లక్ష్మణులవంటి ఈ నగరపు బ్యాటుకాండ్రు మణికట్టు త్రిప్పి బంతిని ప్రక్కకు పంపుటను గూర్చి 'మణికట్టు మాయాజాలము' అని వ్రాసి ఊరకుందురు. రైతు కాలువనీటికి వాడు 'మళ్ళించు' అను మాట అక్కడ చక్కగా అతుకును. వచ్చు వేగమును ఆపక, దారిని మాత్రమే మార్చుట గదా ఆ విద్య!

ఎఱువు తెచ్చుకొన్న ఆటలలో నిట్లుండగా, మన సొంత ఆటకు పట్టిన గతిని చూడుడు. చెడుగుడులో ఏమాటకు కొఱత? కూత, కూతకు పోవుట, గీత తాకుట, కాలు పట్టుట, చచ్చుట, చచ్చినవాడు మరల బ్రతుకుట, అన్నియు నున్నవి. ఆటపేరే ఆటగాని కూత. 2014లో ప్రో కబడ్డీ పోటీలు మొదలై ఈ ఆట టెలివిజనున కెక్కినది. తెలుగువారి పేరనే ఒక జట్టును కలదు. ఆ కీర్తికి సంతోషింపనివాడు లేడు. కాని కూతకు పోవువాడు 'రైడర్' అయ్యెను, పట్టు 'ట్యాకిల్' అయ్యెను. చచ్చి బ్రతుకుట యను వేదాంతము 'ఔట్, రివైవల్' అను లెక్కలోనికి దిగెను. అంతర్జాతీయపోటీకి ఆంగ్లము కావలెనందురు. కావచ్చును, మన యింటిలోని వ్యాఖ్యానమునకును అదియే కావలెనా? ఐ.పి.ఎల్. క్రికెట్టు తెలుగు వ్యాఖ్యానముతో ప్రసారమగుచున్నది. అందు కొందఱు పూర్వపు ఆటగాండ్రు నోరు జారి ఇంటిమాట పలికినప్పుడు ఆట వెలుగును. తేరుకొని సర్దుకొన్నప్పుడు మరల 'ఎగ్జిక్యూట్ చేసెను'.

ప్రజలమాట శాస్త్రమునకు పనికిరాదను సంస్కృతజ్ఞులకు ఒక సంగతి మనవిచేయుదుము. దండి దశకుమారచరిత్రమున కందుకావతి యను రాజపుత్రిక బంతియాడిన ఘట్టము కలదు. పదుమూడవ శతాబ్దిలో కేతన ఆ గ్రంథమును తెనిగించి అభినవదండి యనిపించుకొనెను. బంతిని నేలకు వదలుట, అరచేత కొట్టుట, ఎగురవేసి గాలిలోనే పట్టుట, ఒక్కొక్క చేష్టకును దండి వేఱువేఱు క్రియలను వాడెను. అందు పారిభాషికపదములును కలవు. వానిలో నొకటి 'గోమూత్రిక'. అనగా ఆవు నడచుచు మూత్రము విడిచినప్పుడు దుమ్ములో పడు వంకరటింకర జాడ. ఆ మాట ఏ పండితసభలో పుట్టియుండును? పశువులను తోలుకొనిపోవు త్రోవలో పుట్టినది. మేము ఆ ఘట్టమును యౌవనమున టీకతో చదివి, పరీక్షలో దానికి లక్షణము వ్రాసి మార్కులు తెచ్చుకొంటిమి. ఆవుజాడను మెచ్చుకొన్న మేమే గుంజుటను కొట్టివేసితిమి.

ఆంగ్లేయుల నిఘంటువులలోనికి మన పొరుగు మాట యొకటి ఎక్కిన విధమును ఇట్టిదే. పాకిస్తాను బౌలరు సక్లైన్ ముస్తాకు 1990 తరువాతి సంవత్సరములలో బంతిని విపరీతదిశకు తిప్పుచుండగా, వికెట్టు వెనుకనుండి మొయిన్ ఖాను ఆ రెండవరకము వేయుమని 'దూస్రా' అని కేక వేయుచుండెనట. ఆ కేకయే నేడు ప్రపంచమంతటను ఆ బంతికి పేరు.

మాటలనుగూర్చిన విచారము ఈ ప్రాంగణమునకు క్రొత్తది కాదు. 1918లో ఉర్దూ బోధనాభాషగా వెలసిన ఉస్మానియాకు పాఠ్యగ్రంథములను సిద్ధపఱచుటకై అంతకు ముందేడే, 1917లో, అనువాదసంస్థ ఏర్పడెను. అక్కడ పండితులు కూర్చుండి శాస్త్రపదములను కల్పించిరి. 1948 తరువాత బోధనాభాష ఆంగ్లమునకు మారినది. మఱియొక మార్గమును చూపినవారు ఇక్కడనే 1962 నుండి భాషాశాస్త్రాచార్యులైన భద్రిరాజు కృష్ణమూర్తిగారు. ఆ 1962లోనే వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటమున వ్యవసాయపదములను, 1971 నాటి రెండవ సంపుటమున చేనేతపదములను వారు ప్రకటించిరి. ఆ మాటలను కల్పించలేదు. దున్నువానిని, నేయువానిని అడిగి వ్రాసికొనిరి. నాగలికి చేసిన మర్యాదను బంతికి ఏల చేయరాదు? భాషాశాస్త్రవిభాగమునుండి మైదానమునకు నడచిపోవచ్చును.

దీనికి రెండాక్షేపణలు వింటిమి. మాండలికములలో దేనిని తీసికొందుమన్నది మొదటిది. తెలంగాణమున గుంజుదురు, కోస్తాలో లాగుదురు. ఇచట ఉరుకుదురు, దుంకుదురు, అచట పరుగెత్తుదురు, దూకుదురు. రెంటిని ఉంచుకొనుడు. రెండెద్దులున్న యింటివాడు ఒకదానిని అమ్మివేయునా? ఉఱుకుట, గుంజుట యనునవి నిన్నటి వీథిమాటలుగావు. 1852 నాటి బ్రౌను నిఘంటువునందును చోటు పొందినవి.

ఒక్కొక్క చేష్టకు ఒక్కొక్క నిర్దిష్టపదము కావలెననియు, తెలుగున అన్ని క్రియలు లేవనియు రెండవ యాక్షేపణ. దీనికి సమాధానము చిన్నయసూరి బాలవ్యాకరణమున మేము పిల్లలచే వల్లింపజేయు క్త్వార్థకముననే యున్నది. వంగి కొట్టు, గుంజి కొట్టు, లేపి కొట్టు, మెలిపెట్టి కొట్టు, తట్టి ఉరుకు: మొదటి క్రియ విధమును చెప్పును, రెండవది పనిని చెప్పును. ఆంగ్లమున ప్రత్యేకనామముచే చెప్పుదానిని తెలుగు రెండు క్రియల జంటచే చెప్పును. ఈ జంటలను ఎంతవఱకైనను పెంచవచ్చును. మైదానమున ఆ పిల్లలు చేయుచున్నది ఇదియే. వారికి ఆ సూత్రముయొక్క పేరు తెలియదు, అంతే.

మేము ఆ వ్యాసమును మరల తెప్పించి, నాలుగును కొట్టివేసి ఎనిమిది వేసితిమి. తక్కిన రెండును అక్షరదోషములకు పోయినవి. అచట మాకు దాక్షిణ్యము లేదు. తరువాత మా చిన్న పుస్తకమును వాని ముందుంచి, విన్నవి సరిగా వ్రాసితిమా చూడుమంటిమి. వాడు మొదట బిడియపడి, పిదప వ్రేలుపెట్టి వరుసగా చదివెను. బ్యాటును ముందునకు చాచి బంతిని మెల్లగా పంపుటకు మేము 'నెట్టు' అని వ్రాసికొనియుంటిమి. వాడు తల యడ్డముగా నూపి, "నెట్టుడు మనుషులను, సార్. బంతినైతె తోసుడే" అనెను. ఎఱ్ఱసిరా కలమును వానికే ఇచ్చితిమి.