పాత పికప్‌కు మెరుపు పనికిరాదు

హైదరాబాద్ కొండాపూర్‌లో వారాంతం రోడ్డెక్కే "విల్లీస్ జీపు"ల్లో చాలావాటికి విల్లీస్‌తో చుట్టరికం బోనెట్ మీది అక్షరాల వరకే. హర్యానాలోని మండి డబ్వాలీ లాంటి ఊళ్లలో కొత్త రేకుతో బాడీ కట్టి, ఏదో ఒక డీజిల్ ఇంజను బిగించి, వెడల్పాటి టైర్లు తొడిగి అమ్మే బళ్లకు ఇక్కడ గిరాకీ ఎక్కువ. తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఎవరికి పట్టింది!

పాత బండిని బాగుచేసే అసలైన పని వేరు. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున బండి ఎలా ఉందో అలాగే నిలబెట్టాలి, అంతకంటే అందంగా కూడా కాదు. పికప్ మూటలు మోయడానికి పుట్టిన బండి. దాని ఛాసిస్‌కు, తొట్టి అడుగుకు కంపెనీ వేసింది సాదా రంగే. అక్కడ అద్దంలా మెరిపించారంటే అది తప్పే. స్పాట్ వెల్డింగ్ చుక్కలు మొదట ఉన్నచోటే కనబడాలి, రేడియల్ టైర్లు ఉండకూడదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫోర్డ్ కట్టిన జీపులకు బోల్టు తలల మీద కూడా 'ఎఫ్' అక్షరం ఉండేది. ఆ బోల్టుల కోసం ఏళ్ల తరబడి తుక్కు దుకాణాలు గాలించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పిచ్చి అనుకుంటే అనుకోండి!

రేకు పని తెలిసిన టింకర్ చేయి చూడాలి. తుప్పు తిన్నంత మేర కోసేస్తాడు. అదే మందం రేకును సుత్తికీ, డాలీ అనే ఇనుప దిమ్మకీ మధ్య కొట్టి ఒంపు తెస్తాడు. వెల్డింగ్ వేడికి రేకు అలలు తేలకుండా కొంచెం కొంచెంగా అతుకుతూ, తడిగుడ్డతో చల్లారుస్తాడు. ఆఖరున అరచేతికి గుడ్డ చుట్టుకొని నిమురుతాడు. కంటికి దొరకని సొట్ట అరచేతికి దొరుకుతుంది. చవక పనివాడు ఇదంతా వదిలేసి లప్పం దట్టించి రంగు కొడతాడు. రెండు వానాకాలాలకు బుడగలు లేస్తాయి. కొనేవాళ్లు ఒక చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకెళితే చాలు, లప్పం మీద అది నిలవదు.

1947 నుంచి 1965 దాకా వచ్చిన విల్లీస్ పికప్ ఈ పనిలో గట్టి పరీక్ష. కంపెనీకి సొంత బాడీ ప్రెస్సులు లేక, ఇంటి సామాన్లు చేసేవాళ్ల ప్రెస్సులకు సరిపడేలా డిజైనర్ బ్రూక్స్ స్టీవెన్స్ చదునైన రేకులతోనే రూపం గీశాడు. ఒంపుల బండిలో చిన్న పొరపాటు దాగుతుంది, చదును రేకు మీద ఏదీ దాగదు.

ఫ్రిజ్‌లు చేసే చేతులతోనే బళ్లు కట్టిన ఘనత మన హైదరాబాద్‌కూ ఉంది. 1942లో మొదలైన అల్విన్ కంపెనీ బీరువాలు, ఫ్రిజ్‌లు చేసింది, బస్సు బాడీలు కట్టింది. 1980లలో నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో క్యాబ్‌స్టార్ తేలికపాటి ట్రక్కులు తయారుచేసింది. డీసీఎం టయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషీల సరసన నిలిచిన బండి అది. తర్వాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్లింది. కొండాపూర్ నుంచి హఫీజ్‌పేట మీదుగా మియాపూర్ పోయే ఐటీ ఉద్యోగులకు ఇప్పుడు అల్విన్ అంటే ఒక చౌరస్తా పేరు మాత్రమే.

ఆరో నిజాం కోసం చేయించిన 1912 నాటి పసుపు రోల్స్‌రాయిస్ చౌమహల్లా ప్యాలెస్‌లో దర్జాగా ఉంది, సంతోషమే. కానీ కూరగాయలు, సిమెంటు మోసిన అల్విన్ నిస్సాన్‌కు ఆ భాగ్యం ఎవరిస్తారు? 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు యాభై ఏళ్లు దాటిన సొంత వాడకపు బళ్లకు 'వీఏ' అక్షరాలున్న నంబరు ఇస్తాయి. యాభై ఏళ్లు నిండినా, రవాణాకు వాడిన బండికి అందులో చోటు లేదు. ఈ గీత చెరపాలి. అంతకన్నా ముందు, పల్లెల్లో ఏ చెట్టుకిందో తుప్పు పడుతున్న క్యాబ్‌స్టార్‌లను ఇనుప సామాను వ్యాపారి కొనేలోగా, లక్షలు పోసి నకిలీ విల్లీస్ కొనే మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లలో ఒక్కరైనా వెళ్లి బేరమాడాలి. ఛాసిస్ నంబరు పలక తీయకుండా, ఇంజను మార్చకుండా, ఉన్నది ఉన్నట్టుగా ఆటోనగర్‌లోని ఒక ముసలి టింకర్‌కు అప్పగించాలి.