నీళ్లలో గుడ్డు పెట్టని తూనీగ

టెట్రాథెమిస్ ప్లాటిప్టెరా పడమటి కనుమల అడవుల్లోనూ, ఈశాన్య భారతం మొదలు ఆగ్నేయాసియా దాకానూ కనిపించే చిట్టి తూనీగ. నిడివి అంగుళానికి కాస్త అటూ ఇటూ. నల్లటి ఒంటిమీద పసుపు మచ్చలు, వెనక రెక్కల మొదట్లో తేనెరంగు. ఎండ చొరబడని చోట, వాగు నెమ్మదించి మడుగు కట్టిన దగ్గర ఉంటుంది. నీటిమీదికి వంగిన పుల్ల చివర వాలి, చిన్న పురుగు కనబడగానే లేచి పట్టుకుని, మళ్లీ ఆ పుల్లమీదికే వస్తుంది.

తూనీగను తెలుసుకోవడానికి వలకంటే ఓపిక మేలన్నది ఈ శీర్షిక పాత పాటే. అయితే ఈ జాతి దగ్గర వల పక్షాన ఒక మాట చెప్పక తప్పదు. దీని కుటుంబంలో చాలా తూనీగలకు ముందు రెక్కలో మూడు మూలల గడి ఒకటి ఉంటుంది. దీనికి అది నాలుగు మూలలది. గట్టున ఎంతసేపు కూర్చున్నా ఆ గడి కంటికి ఆనదు. రెక్క చేతికి రావాలి. 1878లో ఈ జాతిని వర్ణించిన బెల్జియం పండితుడు సెలీ లాంషాం, 1933-36 మధ్య బ్రిటిష్ ఇండియా తూనీగలపై మూడు సంపుటాలు రాసిన సైనిక వైద్యుడు ఫ్రేజర్ చేతికి నమూనాలు అందకపోతే ఇవాళ ఓపిగ్గా చూసేవారికి పేర్లే ఉండేవి కావు.

వల చెప్పలేనిది గుడ్లు పెట్టే పద్ధతి. చెరువుగట్ల మీద అందరూ చూసే ఆడ తూనీగ తోక కొసతో నీటిని తడుతూ గుడ్లు విడుస్తుంది. ఏటా అక్టోబరులో మాల్దీవులకు గుంపులుగా చేరే పంటాలా తూనీగకైతే వాననీటి గుంటైనా చాలు. ఈ చిట్టి తూనీగ మాత్రం నీటికి పైన వేలాడే ఆకుకో పుల్లకో తోక కొస ఆనించి, జిగురు గుడ్లు అంటిస్తుంది. గుడ్డు పగిలాక పిల్ల జారి కింది మడుగులో పడుతుంది. గుడ్డు దశలో చేప నోటికి అందదు, వరదకు కొట్టుకుపోదు. ఎండిపోయే ముప్పు మాత్రం ఉంది. అందుకే నీడ, తేమ తప్పనిసరి.

వాగు బాగుందా అని నీటిని చూసి తేల్చడం అలవాటు. ఈ తూనీగకు ఆ లెక్క సరిపోదు: నీరు అద్దంలా ఉన్నా, పైన కొమ్మ లేకపోతే గుడ్డుకు చోటే లేదు. అడవి వాగులను శుభ్రం చేసేవారు ప్లాస్టిక్ ఏరివేయండి. నీటిమీదికి వంగిన కొమ్మల జోలికి మాత్రం వెళ్లకండి.