బొటనవేలి పరీక్ష

ఇంటర్లో ఫిజిక్స్ చదివినవాళ్ళు వీట్‌స్టన్ బ్రిడ్జి పేరు అంత తేలిగ్గా మరిచిపోరు. ల్యాబులో నాలుగు నిరోధాలు కలిపి, గాల్వనామీటరు ముల్లు సున్నా మీద నిలిచేదాకా చెమటలు పట్టిన రోజులు గుర్తుంటాయి. నిజానికి ఆ బ్రిడ్జి ఆలోచన మొదట శామ్యూల్ క్రిస్టీది. వీట్‌స్టన్ దాన్ని వాడుకలోకి తెచ్చాడు, పేరు ఆయనకి అంటుకుపోయింది. ఆయన సొంతమని గట్టిగా చెప్పుకోదగ్గది వేరే ఉంది. దాని సంగతి మాకు ఏ లెక్చరరూ చెప్పలేదు. చార్లెస్ వీట్‌స్టన్‌ది లండన్‌లో సంగీత వాద్యాలు చేసి అమ్మే కుటుంబం. 1829లో తీసుకున్న ఒక పేటెంటులో బీజం వేసి, 1844 పేటెంటు నాటికి ఆయన ఒక రూపానికి తెచ్చిన వాద్యమే కన్సర్టీనా.

రెండు చెక్క మొహాలు, వాటి మధ్య మడతలు మడతలుగా తిత్తి. మొహాలు ఎక్కువగా ఆరు పలకలవి. వీట్‌స్టన్ కంపెనీ ‘ఏయోలా’కి ఎనిమిది, లాకెనాల్ వాళ్ళ ‘ఎడియోఫోన్’కి పన్నెండు. తిత్తిలోని గాలి లోహపు రీడ్ల మీదుగా పోతే స్వరం పలుకుతుంది. సూత్రం మన హార్మోనియందే. అయితే హార్మోనియం నేల మీద కూర్చుంటుంది, దాని ముందు మనిషి కూర్చుంటాడు. కన్సర్టీనాని మనిషే మొయ్యాలి. గాలి కావాలంటే మోచెయ్యి, భుజం, ఛాతీ, ఒక్కోసారి మోకాలు కూడా కదలాలి. కాబట్టి అది వాయించే మనిషి చూడ్డానికి మహా సరదాగా ఉంటాడు. తన పక్కన కూర్చున్నవాడు కూడా అంతే సరదాగా ఉన్నాడని ముందుగా కనిపెట్టేదీ అతనే.

కన్సర్టీనా పట్టినవాళ్ళు తోటి వాద్యకారుల్ని కార్టూన్లుగా గీసుకోవడం అక్కణ్ణించి పుట్టిన ముచ్చట. పాటకీ పాటకీ మధ్య పెట్టె ఒళ్ళో పెట్టుకుని, చేతికందిన కాగితం మీద నాలుగు గీతలు. చూసినవాళ్ళు కాలక్షేపం అంటారు. నేను విద్య అంటాను. ఎందుకో చెప్పాలంటే మా ఊరి నాటకం దగ్గరికి ఒకసారి వెళ్ళి రావాలి.

చిన్నప్పుడు మా ఊళ్ళో పద్య నాటకం ఆడుతుంటే, వేదిక పక్కన హార్మోనియం వాయించే పెద్దాయన్ని లెక్కల నోటుపుస్తకం చివరి పేజీలో గీశాను. ఆయనది కొంకి ముక్కు. దాన్ని ఇంకాస్త సాగదీసి, పక్కవాళ్ళకి చూపించి, మెప్పు కొట్టేశాను. తెరలు విప్పుతుండగా ధైర్యం చేసి ఆయనకే చూపించాను. కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు. “ముక్కు నాదే అబ్బాయ్. చెయ్యి మాత్రం ఇంకెవరిదో తెచ్చిపెట్టావు” అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు. తరవాతి నాటకంలో చూస్తే, నటుడు పద్యం చివర రాగం తీస్తున్నంతసేపూ ఆయన ఎడమ చెయ్యి తిత్తిని ఊపనట్టే ఊపుతోంది. చంటిపిల్ల నిద్రపోయాక కూడా తల్లి ఉయ్యాల వదలకుండా పట్టుకున్నట్టు. జనం “వన్స్‌మోర్” అనగానే అదే చెయ్యి ఒక్క ఊపున గాలి నింపేది. ఆయన మనిషంతా ఆ చేతిలో ఉన్నాడు. నేనేమో ముక్కు దగ్గర ఆగిపోయాను.

అప్పటినించి నాకొక పరీక్ష ఉంది. బొమ్మలో తలని బొటనవేలితో మూసెయ్యాలి. మిగతా ఒళ్ళు చూసి తోటివాళ్ళు మనిషిని పోల్చుకుంటే బొమ్మ నెగ్గినట్టు. లేకపోతే గీసినవాడు ముక్కు గీసి ఊరుకున్నట్టు.

క్యారికేచర్ అన్న మాట ఇటలీది. బరువెక్కించడం, బండికి సరుకు నింపడం అని దాని మూలార్థం. 16వ శతాబ్దం చివర బొలోన్యాలో అన్నీబాలే కర్రాచ్చి దీనికి ఆద్యుడని చెబుతారు. బరువు ఎక్కించమన్నారు సరే, దేని మీద ఎక్కించాలన్నదే పేచీ. 1723లో రోములో పియెర్ లెయోనె గెట్సి అనే చిత్రకారుడు వివాల్డిని గీశాడు. పొడుగాటి ముక్కు, పక్కకి తిరిగిన మొహం. యూరప్ అంతటినీ వయొలిన్‌తో ఊపేసిన మనిషి, కానీ బొమ్మలో వయొలిన్ లేదు. కింద రాసిన మాటలు చెరిపేస్తే ఆయన సంగీతం మనిషని కూడా తెలియదు. చక్కటి గీతే, నాకూ ఇష్టమే. బొటనవేలు పెడితే మాత్రం అందులో ఏమీ మిగలదు.

దాని పక్కన ఎన్రికో కరూసోని పెట్టి చూడండి. 1903 నుంచి న్యూయార్క్ మెట్రొపాలిటన్ ఒపేరాలో జనాన్ని వెర్రెత్తించిన గాయకుడు. గొంతు ఎంత పెద్దదో పెన్సిలు అంత చురుకు. తనతో నిలబడి పాడినవాళ్ళని, పుచ్చీని వంటి స్వరకర్తల్ని, టొస్కనీని, మాలర్ వంటి ఆర్కెస్ట్రా కండక్టర్లని గీసి పారేసేవాడు. ‘లా ఫోలియా ది న్యూయార్క్’ అనే ఇటాలియన్ పత్రికలో ఆ బొమ్మలు ఏళ్ళ తరబడి వచ్చాయి, పుస్తకంగా కూడా అచ్చయ్యాయి. కండక్టరు చెయ్యి ఎలా లేస్తే గాయకుడి గుండె దడదడలాడుతుందో గ్యాలరీలో టికెట్టు కొన్నవాడికి తెలియదు, ఎదురుగా నిలబడి పాడేవాడికి తెలుస్తుంది. కరూసో తనని తాను కూడా వదల్లేదు, బొద్దు మొహాన్ని ఎన్నోసార్లు ఆటపట్టించాడు. తోటివాణ్ణి గీసేవాడికి అదొక అర్హత కింద లెక్క.

ఇక మళ్ళీ మన పెట్టె దగ్గరికి.

కార్టూనిస్టుకి కన్సర్టీనా చేసిన మేలు మరే వాద్యమూ చెయ్యలేదు. వయొలిన్ గడ్డాన్ని మింగేస్తుంది. ఫ్లూటు పెదవిని వంకర తిప్పుతుంది. ట్రంపెట్ వాళ్ళందరికీ ఒకటే బుగ్గలు. కన్సర్టీనా మొహాన్ని ముట్టుకోనే ముట్టుకోదు. పైగా బటన్లు రెండు పక్కలా బయటికి తిరిగి ఉంటాయి, వాయించేవాడికి తన వేళ్ళు తనకే కనిపించవు. అంటే కళ్ళకి పని లేదు. పని లేని కళ్ళు ఎటు పోతాయో అదే మనిషి. ఒకాయన ఇంటి కప్పులో పెంకులు లెక్కపెడతాడు. ఒకావిడ తన చెప్పుల మీద కోపంగా ఉంటుంది. ఇంకొకాయన ఎదుటివాణ్ణి బాకీ వసూలుకొచ్చినట్టు చూస్తాడు. కొందరు కళ్ళు మూసుకుని నోరు తెరుస్తారు, తిత్తి తెరిచినప్పుడల్లా నోరూ తెరుచుకుంటుంది. ఇది వాళ్ళకి తెలియదు. పక్కనున్నవాడు గీసి చూపిస్తేనే తెలుస్తుంది.

అయితే వాద్యం తెలియనివాడు గీస్తే మొదటి తప్పు పెట్టె దగ్గరే దొరుకుతుంది. ఒక పక్క పియానో మెట్లు పెట్టేస్తాడు. అది అకార్డియన్, ఈ ఇంటి పిల్ల కాదు. రెండో తప్పు ఇంకా సూక్ష్మం. కన్సర్టీనాలు చూపుకి ఒకలాగే ఉన్నా జాతులు మూడు. ఏ జాతి పెట్టె పడితే ఒళ్ళు ఆ జాతిదైపోతుంది.

వీట్‌స్టన్ తెచ్చింది ఇంగ్లిష్ కన్సర్టీనా. మామూలుగా 48 బటన్లు. బొటనవేలు ఒక తోలు ఉంగరంలో దూరుతుంది, చిటికెనవేలు కింద లోహపు రేకు మీద ఆనుతుంది. పెట్టె బరువంతా ఆ రెండింటి మీదే. తిత్తి నొక్కినా లాగినా బటను స్వరం మారదు. స్వరాలు మాత్రం రెండు చేతులకీ వంతులు పంచుకుని ఉంటాయి. స ఎడమచేతిలో ఉంటే రి కుడిచేతిలో, గ మళ్ళీ ఎడమలో. అందుకని వేళ్ళు రెండువైపులా పోటీపడి పరుగెడుతుంటే తిత్తి మాత్రం వయొలిన్ కమానులా నింపాదిగా సాగుతుంది. ఇది వాయించేవాణ్ణి గీసేటప్పుడు భుజాలు దించి, మణికట్లు నాజూగ్గా తేల్చి, వేళ్ళని సాలీడు కాళ్ళలా సాగదీయాలి.

రెండోది ఆంగ్లో, దాని సంగతి వేరు. దాని మూలం 1834లో జర్మనీలోని కెమ్నిట్స్‌లో కార్ల్ ఫ్రీడ్రిష్ ఊలిగ్ చేసిన పెట్టె. చెయ్యి మొత్తం ఒక తోలుపట్టీ కింద దూరుతుంది. నొక్కితే ఒక స్వరం, లాగితే ఇంకొకటి, మౌత్ ఆర్గన్‌లో ఊదడం పీల్చడం లాగ. రీల్ లాంటి వేగమైన నాట్యపు వరస వాయిస్తుంటే తిత్తి క్షణానికోసారి దిక్కు మార్చుకుంటుంది. పెట్టె ఒక కొస తొడ మీద ఆని, రెండో కొస ఎగిరెగిరి పడుతుంది. దానితోపాటు మనిషీ. ఎడ్లబండి మీద వెళ్ళేవాడి ఒళ్ళు ఎలా ఉంటుందో అచ్చంగా అది. ఐర్లాండ్‌లో క్లేర్ జిల్లా నాట్యాలకి ప్రాణం పోసింది ఈ పెట్టే. కిల్‌రష్ ఊళ్ళో పబ్బు నడుపుతూ దీన్ని వాయించిన ఎలిజబెత్ క్రోటీని అక్కడి వాళ్ళు ఇప్పటికీ ‘మిసెస్ క్రోటీ’ అని గౌరవంగా తలుచుకుంటారు. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ పక్కన హెడింగ్టన్‌లో విలియం కింబర్ అనే తాపీ మేస్త్రీ 1899 డిసెంబరు 26న మోరిస్ అనే జానపద నాట్యానికి వాయిస్తుంటే, తరవాత జానపద గీతాలు సేకరించిన సెసిల్ షార్ప్ చూశాడు. ఆ దేశంలో జానపద సంగీతాన్ని మళ్ళీ వెతికి పట్టుకోవడం ఆ ఉదయంతో ఊపందుకుంది. ఇటుకలు మోసిన చేతుల మధ్య అంత చిన్న పెట్టె! నాకా అవకాశం వస్తే మొహం గీసేవాణ్ణే కాదు.

మూడోది డ్యూయెట్. కింది స్థాయి ఎడమచేతిలో, పై స్థాయి కుడిచేతిలో. వాయించేవాళ్ళు తక్కువ. రెండు చేతులూ రెండు పనులు చేస్తుంటాయి కాబట్టి మొహంలో సంవత్సరాంతపు లెక్కలు రాసే గుమాస్తా దిగులు.

గీయడానికి ఒక వరస ఉంది. ముందు తిత్తి. లాగినప్పుడు అది తిన్నగా సాగదు, పైన విచ్చుకుని కింద ముడుచుకుంటుంది, తాటాకు విసనకర్రలాగ. కాబట్టి రెండు చెక్క మొహాలూ ఎదురెదురుగా సమాంతరంగా ఉండవు, బయటికి వాలతాయి. ఆ వాలు ఎంతో తేల్చుకోవడంలోనే సగం పోలిక వచ్చేస్తుంది, ఎందుకంటే ఏ ఇద్దరూ ఒకేలా లాగరు. మడతలన్నీ లెక్కపెట్టి గీస్తే బొమ్మ క్యాటలాగులో ఫొటో అయిపోతుంది. మూడు చాలు. బటన్లకి నాలుగైదు చుక్కలు. తరవాత వెన్నెముకకి ఒకే గీత, పెన్సిలు ఎత్తకుండా. పెట్టె మీదికి వంగినవాడికి అది కొడవలి, వెనక్కి వాలినవాడికి విల్లు. ఆ తరవాత పాదం. తాళం వేసేది మడమా మునివేళ్ళా అన్నది చూసుకోవాలి, వేళ్ళతో వేసేవాణ్ణి మడమతో గీస్తే అతని స్నేహితులు నవ్వరు. అన్నిటికన్నా చివర మొహం. అప్పటికి అది ఎలా ఉండాలో ఒళ్ళే చెప్పేస్తుంది. మొహంతో మొదలుపెట్టినవాడు అరగంట కళ్ళూ పెదవులూ దిద్ది, పెట్టె దగ్గరికొచ్చేసరికి ఓపిక లేక ఏదో ఒక డబ్బా అతికిస్తాడు. నేనూ చేశాను ఆ పని.

దేన్ని పెంచాలి అన్నదానికి నా సూత్రం ఒకటే. పుట్టుకతో వచ్చినదాన్ని వదిలెయ్, వాయించేటప్పుడు చేసేదాన్ని పట్టుకో. కీళ్ళవాతంతో వంగిన వేలుని పెద్దది చేసి గీస్తే అది హాస్యం అనిపించుకోదు. కష్టమైన చరణం వచ్చేముందు నాలుక బయటపెట్టే అలవాటుంటే గీయొచ్చు, ఆయనే ముందు నవ్వుతాడు. పరాయివాడికి ఈ గీటు కనబడదు. ఆ చరణం కష్టమైనదని కూడా అతనికి తెలియదు కదా.

పరాయివాళ్ళంతా పనికిరారని కాదు. 1930ల్లో మద్రాసులో తమిళ పత్రిక ‘ఆనంద వికటన్’కి మాలి అనే చిత్రకారుడు గీసిన కర్ణాటక విద్వాంసుల బొమ్మలు చూస్తే, కచేరీల్లో కూర్చుని కూర్చుని ఆ కన్ను ఎంత పదునెక్కిందో తెలుస్తుంది. ఇంకోవైపు, బెర్లిన్‌లో పుట్టి లండన్ చేరిన జెరార్డ్ హాఫ్‌నంగ్ స్వయంగా ట్యూబా వాయించేవాడు. అతను ఫలానా మనిషిని గీయడం కంటే వాద్యానికి మనిషి ఎలా బానిసైపోతాడో గీశాడు. 34 ఏళ్ళకే, 1959లో పోయాడు. ఆర్కెస్ట్రాల వాళ్ళు అతని కార్టూన్ల పుస్తకాలు చూసి మమ్మల్ని గీశాడని ఎవరికి వారే అనుకుని ఉంటారు.

ఈ బొమ్మల వల్ల ప్రయోజనం ఏమిటని అడిగేవాళ్ళకి ఒక మాట. రికార్డింగులో స్వరం ఉంటుంది, ఒళ్ళు ఉండదు. ఫొటోలో ఒళ్ళు ఉంటుంది గానీ అది ఒక్క క్షణానిది, తిత్తి అప్పుడు తెరుచుకుంటోందో మూసుకుంటోందో చెప్పలేం. వీడియో అన్నీ చూపిస్తుంది, ఏది ముఖ్యమో చెప్పదు. మంచి కార్టూను మాత్రం ఈ మనిషి సంగీతం ఎడమ మోచేతిలోంచి వస్తోందని వేలు పెట్టి చూపిస్తుంది. అది విద్యార్థికీ పాఠమే. తన భుజాలు చెవుల దాకా లేచిపోతున్నాయని గురువు పదిసార్లు చెప్పినా ఎక్కనివాడికి, పక్కవాడు గీసిన బొమ్మ ఒక్కసారికే ఎక్కుతుంది.

మా ఊరి హార్మోనియం పెద్దాయన చెయ్యి నేను మళ్ళీ గీయలేదు. గీద్దామనుకునేసరికి ఆయన లేడు. మీ ఊళ్ళో హరికథకో, పద్య నాటకానికో, భజనకో హార్మోనియం వాయించే ఆయన ఇంకా ఉంటే ఈసారి వేదిక మధ్యలో చూడకండి. ఓ పక్కగా కూర్చుని ఆయన ఎడమచేతిని చూడండి, గీయండి, ఆయనకే ముందు చూపించండి. వెనకవైపు ఊరు, తేదీ రాయండి. పేరు మాత్రం రాయొద్దు. చూసినవాళ్ళని చెప్పమనండి.