కొండదారిని బట్టి బ్రేకు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కారుకు బ్రేకు డిస్కులు, ప్యాడ్లు మార్పించవలసి వచ్చినప్పుడు చర్చంతా సాధారణంగా ధర, కంపెనీ పేరు, దుకాణదారు ఇచ్చే గ్యారంటీ చుట్టూ తిరుగుతుంది. ఆ కారు ఏ దారుల్లో నడుస్తుందన్న ప్రశ్న, నిజానికి అన్నిటికంటే ముందు అడగవలసినది, చాలాసార్లు అడగకుండానే మిగిలిపోతుంది. ఈ ప్రాంతంలో ఒక పక్క ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఉప్పుగాలి వీచే సముద్రతీరం, దాని వెంట వేగంగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి ఉండగా, మరో పక్క శృంగవరపుకోట దాటాక అరకు వైపు ఎక్కే అనంతగిరి ఘాట్, సాలూరు దాటాక సుంకి మీదుగా కొరాపుట్‌కు వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి ఉన్నాయి. ఒకే కారు ఒకే వారంలో ఈ దారులన్నీ చూసే అవకాశం ఉన్నచోట, బ్రేకు సామగ్రిని రోజూ తిరిగే దారిని బట్టి కాక, ఆ కారు ఎప్పుడైనా దిగవలసి వచ్చే అతి కఠినమైన దారిని బట్టి ఎంచుకోవాలన్నదే ఈ కాలమ్ వాదన.

డిస్కు అంటే చక్రంతో పాటు తిరిగే గుండ్రటి పోత ఇనుప బిళ్ల. పెడల్ తొక్కినప్పుడు బ్రేక్ ఆయిల్ ఒత్తిడి కాలిపర్ అనే పట్టులోని పిస్టన్‌ను నెట్టగా, బిళ్లకు రెండు పక్కలా ఉన్న ప్యాడ్లు దానిని బిగించి పట్టుకుంటాయి. ఈ ఏర్పాటు చేసేదంతా వేగాన్ని వేడిగా మార్చి గాలికి వదిలిపెట్టడమే. 1,200 కిలోల బరువున్న కారు గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగితే సుమారు 3 లక్షల జౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. మామూలు వేడిమిలో ఉన్న లీటరు నీటిని మరిగించడానికి అది చాలు. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కనుక, అదే కారు 800 మీటర్లు కిందికి దిగిందనుకున్నా వదిలించుకోవలసిన శక్తి 90 లక్షల జౌళ్లు దాటుతుంది, అంటే 80 కిలోమీటర్ల వేగం నుంచి ముప్పైసార్లకు పైగా పూర్తిగా ఆగినంత పని. ఇందులో ఇంజను, ఎదురుగాలి ఎంత పంచుకుంటే బ్రేకులకు అంత తక్కువ మిగులుతుంది. లారీల ఊరుగా పేరొందిన సాలూరు నుంచి బయలుదేరే డ్రైవర్లు ఎక్కిన గేరులోనే దిగాలన్న నియమాన్ని పాటించడానికి కారణం ఈ లెక్కే. కార్లు నడిపేవారు ఆ నియమాన్ని వారి దగ్గర నేర్చుకోవడం మంచిది.

డిస్కును బూడిదరంగు పోత ఇనుముతో చేయడానికి బలమైన కారణం ఉంది. ఆ ఇనుములో 3 శాతానికి పైగా ఉండే కర్బనం రేకుల ఆకారపు గ్రాఫైటుగా పేరుకుని, వేడిని త్వరగా లోపలికి పంచుతుంది, కంపనాన్ని మింగుతుంది, అందువల్ల బ్రేకు కూత తగ్గుతుంది. అదే ఇనుములో కొద్దిపాటి మాంగనీసు కూడా ఉంటుంది. గంధకం ఇనుముతో కలిసి పోతను పెళుసు చేయకుండా, ఆ గంధకాన్ని మాంగనీసు తనతో కలుపుకుంటుంది. మన దేశంలో మాంగనీసు ఖనిజం తవ్వకం 1892లో విజయనగరం ప్రాంతంలోనే మొదలైందని, గరివిడి, చీపురుపల్లి పరిసరాల గనులు ఆ చరిత్రలోనివేనని ఇక్కడ గుర్తుచేసుకోవడం అప్రస్తుతం కాదు.

ప్యాడ్ల ఎంపికలోనే అసలు వివేకం అవసరమవుతుంది. 1902లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నప్పుడు ప్యాడ్లుగా వాడిన రాగి విపరీతంగా కూసేది, దుమ్ము దారుల్లో త్వరగా అరిగిపోయేది. డిస్కు సిద్ధంగా ఉన్నా దానికి తగిన రాపిడి పదార్థం దొరకక ఆ ఆలోచన దశాబ్దాల పాటు వెనకబడింది. నేటి ప్యాడ్లలో నారలు, రాపిడి పొడులు, వాటిని పట్టి ఉంచే ఫినాలిక్ రెజిన్ అనే జిగురు ఉంటాయి. ఆర్గానిక్ రకం మెత్తగా, చప్పుడు లేకుండా పట్టుకుంటుంది, డిస్కును తక్కువ అరగదీస్తుంది, పట్టణంలో తిరిగే కారుకు హాయిగా ఉంటుంది. కానీ ఎడతెగని దిగుడులో డిస్కు వేడి 300 డిగ్రీలు దాటినప్పుడు నాసిరకం ప్యాడ్లలోని జిగురు కాలి వాయువులు వెలువడి, పెడల్ గట్టిగానే ఉన్నా కారు ఆగని స్థితి వస్తుంది. దీనినే మెకానిక్కులు ఫేడ్ అంటారు. బరువులో 30 నుంచి 65 శాతం దాకా లోహం ఉండే సెమీ మెటాలిక్ రకం ఆ వేడిని బాగా ఓర్చుకుంటుంది, అయితే చప్పుడు, నల్లటి దుమ్ము, డిస్కు అరుగుదల ఎక్కువ. సిరామిక్ రకం శుభ్రంగా, నిశ్శబ్దంగా పనిచేస్తుంది, ధర ఎక్కువ. నెలకొకసారైనా అనంతగిరి లేదా సుంకి దిగే కారుకు లోహం కలిసిన ప్యాడ్లే తగినవి. విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల మధ్య మాత్రమే తిరిగే కారుకు, కారు తయారీదారు మొదట అమర్చిన రకానికి సమానమైన మంచి ఆర్గానిక్ ప్యాడ్లు చాలు.

దుకాణంలో రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టినప్పుడు చూడవలసిన గుర్తు ఒకటుంది. చాలా ప్యాడ్ల అంచున తయారీ వివరాలతో పాటు రెండు ఇంగ్లీషు అక్షరాలు ముద్రించి ఉంటాయి. మొదటిది మామూలు వేడిలో, రెండోది ఎక్కువ వేడిలో ఆ పదార్థం చూపే రాపిడి గుణకాన్ని, అంటే ఎంత గట్టిగా నొక్కితే ఎంత పట్టు దొరుకుతుందన్న నిష్పత్తిని తెలుపుతుంది. ‘ఇ’ అంటే 0.25 నుంచి 0.35, ‘ఎఫ్’ అంటే 0.35 నుంచి 0.45. రెండో అక్షరం మొదటిదానికంటే తక్కువ స్థాయిదైతే ఆ ప్యాడ్ వేడెక్కిన కొద్దీ బలహీనపడుతుందని అర్థం కనుక, ఘాట్ ఎక్కే కారుకు దానిని కొనకపోవడమే మంచిది. ఏ అక్షరాలూ, తయారీదారు పేరూ లేని ప్యాడ్‌ను ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకూడదు.

డిస్కు మార్చాలా వద్దా అన్నది కంటితో కాక కొలతతో తేల్చాలి. డిస్కు అంచున లేదా నడుమ భాగంలో కనిష్ఠ మందం అచ్చువేసి ఉంటుంది. చాలా కార్లలో కొత్త డిస్కుకూ ఆ హద్దుకూ మధ్య తేడా దాదాపు 2 మిల్లీమీటర్లే. మైక్రోమీటరుతో చుట్టూ ఏడెనిమిది చోట్ల కొలిచి, ఏ ఒక్కచోట ఆ హద్దుకు తగ్గినా మార్చవలసిందే, ఎందుకంటే పలుచబడిన డిస్కు వేడిని దాచుకోలేదు. హద్దుకు దగ్గరలో ఉన్న డిస్కును లేత్ మీద స్కిమ్మింగ్ చేయించడం, అంటే పైపొరను చెక్కించి చదును చేయించడం, డబ్బు పొదుపులా కనిపించినా, మిగిలిన కొద్ది ఇనుమును కూడా తీసివేయడమే అవుతుంది. బ్రేకు వేసినప్పుడు స్టీరింగు వణికితే డిస్కు వంగిందని వెంటనే తీర్పు చెప్పడం అలవాటైంది. చాలా సందర్భాల్లో వంపేమీ ఉండదు, ప్యాడ్ పదార్థం కొన్నిచోట్ల ఎక్కువగా అంటుకోవడమో, చక్రపు హబ్ మీద తుప్పు పొర ఉండగానే డిస్కు బిగించడమో కారణమవుతుంది. వెంట్రుక మందం కంటే తక్కువ తేడా చాలు చక్రం వణకడానికి. అందుకే హబ్‌ను వైరు బ్రష్‌తో మెరిసేదాకా తోమకుండా కొత్త డిస్కు ఎక్కించే మెకానిక్, ఎంత మంచి సరుకు తెప్పించినా, ఆ సరుకు విలువను సగం పోగొడతాడు.

తీరప్రాంతంలో తుప్పు వేరే సమస్య. కళింగపట్నం, బారువ, భావనపాడు వంటి చోట్ల రాత్రంతా ఆరుబయట నిలిపిన కారు డిస్కుల మీద తెల్లారేసరికి ఎర్రటి పొర కనిపించడం సహజమే, నాలుగుసార్లు బ్రేకు వేస్తే అది పోతుంది. కానీ వారాల తరబడి కదలని కారులో ఆ తుప్పు గుంటలుగా దిగి డిస్కును పాడుచేస్తుంది. నడుమ భాగానికీ అంచులకూ రక్షణ పూత ఉన్న డిస్కులు దొరికితే కొంచెం ఎక్కువ పెట్టి కొనడం తీరవాసులకు న్యాయమైన ఖర్చు. కాలిపర్ జారే పిన్నులు తుప్పుతో బిగుసుకుంటే ఒక ప్యాడ్ పూర్తిగా అరిగి, రెండోది కొత్తగానే మిగిలిపోతుంది కాబట్టి, ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ ఆ పిన్నులను శుభ్రపరచి తగిన గ్రీజు పెట్టించాలి. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ వంటి తుపాను తర్వాత నీటిలో నిలిచిన కార్లకు ఈ పిన్నుల పరీక్ష తప్పనిసరి. రంధ్రాలు వేసిన, గీతలు చెక్కిన డిస్కుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అవి అందంగా ఉంటాయి, రంధ్రాల దగ్గర పగుళ్లకు అవకాశమిస్తాయి, కుటుంబం వాడే కారుకు అవసరం లేదు.

డిస్కులు, ప్యాడ్లు కొన్నాక మిగిలిన డబ్బును బ్రేక్ ఆయిల్ మీద పెట్టడం తెలివైన పని. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే గుణం గలది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకుండా నిలవాలన్నది ప్రమాణం కాగా, తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. మరిగిన ఆయిల్‌లో బుడగలు పుడితే పెడల్ నేలదాకా మెత్తగా దిగిపోతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఉక్కపోత ఉండే ఈ జిల్లాల్లో రెండేళ్లకొకసారి దానిని పూర్తిగా మార్పించాలి. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ తప్పనిసరైన ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా చూస్తుందే తప్ప, కాలిన ప్యాడ్‌కు గానీ మరిగిన ఆయిల్‌కు గానీ బలం ఇవ్వలేదు.

ప్యాడ్లను ఎప్పుడూ ఒకే ఇరుసుకు రెండు పక్కలా కలిపి మార్చాలి, లేకపోతే కారు ఒకవైపు లాగుతుంది. కొత్త ప్యాడ్లు డిస్కుతో కుదురుకోవడానికి 60 కిలోమీటర్ల వేగం నుంచి నెమ్మదిగా, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ పాతిక ముప్పైసార్లు బ్రేకు వేయాలి, ఆ తర్వాత కూడా రెండు మూడు వందల కిలోమీటర్ల దాకా గట్టి బ్రేకులు వీలైనంత తప్పించాలి. కార్తీక మాసంలో పిల్లాపాపలతో అరకు బయలుదేరే పాఠకులు బ్రేకుల పనిని ప్రయాణానికి ముందురోజుకు వాయిదా వేయకుండా, కనీసం రెండు వారాల ముందే షెడ్డుకు వెళ్లి, మెకానిక్‌ను మైక్రోమీటరు కొలత చూపించమని అడిగి, మైదానపు దారిలో ఆ ప్యాడ్లను కుదుర్చుకున్నాకే ఘాట్ ఎక్కాలని మనవి.